కిరాయి ఇంటి రిపేరు ఓనర్ చేయించకపోతే: న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు విధానం

తెలంగాణలో వానాకాలం మొదలైతే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి వరుసలో కిరాయి ఇళ్ళవాళ్ళు కూడా కనిపిస్తారు. స్లాబ్ కారుతోందని, పెచ్చులు ఊడి పిల్లల మీద పడుతున్నాయని, సెప్టిక్ ట్యాంకు పొంగుతోందని, ఓనర్‌కు చెప్పి చెప్పి విసిగిపోయామని అర్జీ పట్టుకొస్తారు. అర్జీ తీసుకుంటారు, రసీదు కూడా ఇస్తారు. చివరికి వచ్చే జవాబు మాత్రం ఒకటే: ఇది మీకూ ఓనర్‌కూ మధ్య సివిల్ తగాదా, మా చేతిలో లేదు. పోలీస్ స్టేషన్‌కు పోయినా అదే మాట. ఆ మాటలో తప్పు లేదు. తప్పల్లా, మరి ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పకపోవడమే. ఆ ఖాళీలోనే టైపింగ్ షాపు దగ్గర నిలబడే మనిషి దొరుకుతాడు. ‘రెంట్ కంట్రోల్ కేసు వేయిద్దాం, ముందు ఖర్చులకు ఇవ్వండి’ అంటాడు.

పోవలసిన చోటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. అక్కడ ‘ప్రీ లిటిగేషన్’ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్ ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం. దీనికి కోర్టు ఫీజు లేదు, దరఖాస్తు ఫారానికి పైసలు లేవు, వకీలు ఉండి తీరాలనీ లేదు. దరఖాస్తు పెట్టించినందుకు ఎవరైనా డబ్బు అడిగితే అది ఆయన సొంత సంపాదన అనుకోండి.

ఏ జిల్లా అన్న దగ్గర చాలామంది ఒకరోజు పోగొట్టుకుంటున్నారు. 2022 జూన్ 2 నుంచి కొత్త జిల్లాలకు వేరే జిల్లా కోర్టులు వచ్చాయి. సూర్యాపేటలో ఇల్లు ఉన్నవాళ్ళు నల్లగొండకు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేట వాళ్ళు మహబూబ్‌నగర్‌కు బస్సెక్కాల్సిన పని లేదు. ఓనర్ హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఇల్లు ఏ జిల్లాలో ఉందో అక్కడే అడగండి. మిర్యాలగూడ, దేవరకొండ లాంటి కోర్టులున్న ఊళ్ళలో మండల న్యాయసేవాధికార కమిటీ ఉంటుంది, ముందు అక్కడే కనుక్కోవచ్చు. పోయే ముందు 15100కు ఫోన్ చేస్తే సరిపోతుంది, అది ఉచితం.

దరఖాస్తులో పెద్ద పనేం లేదు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు. ఓనర్ పేరు, చిరునామా. ఇల్లు ఎక్కడ, ఎప్పటి నుంచి ఉంటున్నారు, కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, ఏం పాడైంది, మీకు ఏం కావాలి. ఆధార్ జిరాక్స్, ఉంటే అగ్రిమెంట్ జిరాక్స్, ఫోటోలు జత చేయాలి. అగ్రిమెంట్ భర్త పేరున ఉండి భార్య దరఖాస్తు తెస్తే అడ్డు చెప్పే అవకాశం ఉంది, ఇద్దరూ సంతకం పెట్టడం మంచిది.

ఓనర్ పేరు దగ్గర కాస్త ఆగండి. నెలనెలా కిరాయి తీసుకెళ్ళే మనిషి ఓనర్ కాకపోవచ్చు. బావమరిదో, పక్కింటాయనో వసూలు చేస్తుంటాడు, ఇల్లు ఇంకెవరి పేరునో ఉంటుంది. మున్సిపల్ శాఖ వెబ్‌సైట్‌లో ఆస్తిపన్ను వివరాల దగ్గర ఇంటి నంబరు కొట్టి చూస్తే పన్ను ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. ఇద్దరి పేర్లూ రాయండి.

అగ్రిమెంట్ లేదని భయపడి ఇంట్లోనే కూర్చునేవాళ్ళు చాలామంది. నోటిమాట మీద ఇచ్చిన ఇల్లయినా మీరు కిరాయిదారే. ఫోన్‌పే, గూగుల్ పే లో ప్రతి నెలా పోయిన కిరాయి, ఆ చిరునామాతో ఉన్న గ్యాస్ బుక్కు, ఆ ఇంటి కరెంటు సర్వీస్ నంబరుతో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకానికి పెట్టుకున్న దరఖాస్తు రసీదు, ఇవన్నీ పనికొస్తాయి. ఇలాంటి నెలవారీ కిరాయిని ముగించాలంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఓనర్ 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ‘రిపేరు అడిగినవ్, రేపే ఖాళీ చెయ్’ అంటే చెల్లదు.

అసలు చిక్కు వచ్చేది ఓనర్‌కు రాసే ఉత్తరం దగ్గర

ఇంతవరకు అందరూ ఎలాగోలా వస్తారు. లోపలికి పోయాక మొదట వచ్చే ప్రశ్న, ‘ఓనర్‌కు రాతపూర్వకంగా తెలియజేశారా?’ ‘పదిసార్లు ఫోన్ చేశాను సార్’ అంటారు. ఓనర్ వచ్చి ‘నాకు ఎప్పుడు చెప్పారు? ఇప్పుడే వింటున్నా’ అంటాడు. అక్కడితో పది ఫోన్లూ గాలికి పోతాయి. అగ్రిమెంట్ లేకపోయినా నడుస్తుంది, స్టాంపు పేపరు లేకపోయినా నడుస్తుంది. రిపేరు గురించి తేదీ వేసి రాసిన ఉత్తరం, అది ఓనర్‌కు అందిందనే రుజువు లేకపోతే మాత్రం వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ ఉత్తరం వకీలే రాయాలని లేదు. ‘లీగల్ నోటీసు’ అని ఎర్ర అక్షరాలూ అక్కర్లేదు. మర్యాదగా రాస్తేనే పని జరుగుతుంది, రేపు జడ్జి గారు చదివేదీ అదే. ఇలా ఉంటే చాలు:

‘శ్రీ ........ గారికి. ఇంటి నంబరు ........ గల మీ ఇంట్లో నేను ........ నుంచి నెలకు రూ. ........ కిరాయికి ఉంటున్నాను. ........ నెల వరకు కిరాయి చెల్లించాను. వంటగది స్లాబ్ నుంచి ........ తేదీ నుంచి నీరు కారుతోంది, పెచ్చులు ఊడి పడుతున్నాయి. బాత్‌రూమ్ పైపు పగిలి మురుగు నిలుస్తోంది. వీటి గురించి ........ తేదీన ఫోన్‌లో, ........ తేదీన వాట్సాప్‌లో మీకు చెప్పాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రిపేరు చేయించగలరు. పనివాళ్ళు వచ్చే రోజు ముందుగా చెబితే మేము ఇంట్లో ఉంటాం. ఫోటోలు జత చేశాను. ఇట్లు, ........’

కిరాయి చెల్లించిన మాట అందులో ఊరికే లేదు. ‘వాడు కిరాయి కట్టట్లేదు, అందుకే చేయించలేదు’ అని ఓనర్ అనకుండా ఉండటానికి అది. పనివాళ్ళ మాటా అంతే. ‘మేస్త్రీని పంపిస్తే తాళం వేసి ఉంది’ అన్న జవాబు నల్లగొండలోనైనా పాలమూరులోనైనా తరచుగా వినేదే. గడువు దగ్గర పట్టుదలకు పోవద్దు. స్లాబ్ పనికి 15 రోజులు న్యాయమైన గడువు. స్విచ్ బోర్డు ముట్టుకుంటే షాక్ కొడుతుంటే మాత్రం రెండు మూడు రోజులని రాయొచ్చు, ఎందుకో కూడా రాయండి. పాత కోపాలు, ఓనర్ భార్య అన్న మాటలు, ‘కోర్టుకీడుస్తా’ లాంటివి వద్దు.

రాసింది జిరాక్స్ తీసి పోస్టులో పంపండి. ఇక్కడ ఈమధ్య కొత్త తిప్పలు వచ్చాయి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్‌లో ‘రిజిస్టర్డ్ లేదు’ అంటే వెనక్కి రాకండి. స్పీడ్ పోస్టే చేస్తూ దానికి రిజిస్ట్రేషన్ సౌకర్యం, డెలివరీ రుజువు కూడా కావాలని అడగండి. రసీదు దాచుకోండి. వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి, అందినట్టు చూపించే పేజీని వెంటనే ప్రింట్ తీసుకోండి, ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఓనర్ కవరు తీసుకోకపోతే? ‘తీసుకోలేదు’ అని రాసి మీకు తిరిగొస్తుంది. అది చూసి చాలామంది డీలా పడి, కవరు చింపి పారేస్తారు. అది మీకు కలిసొచ్చే కాగితం. సరైన చిరునామాకు రిజిస్టర్ చేసి పంపిన ఉత్తరాన్ని, వేరేగా రుజువైతే తప్ప, అందినట్టే చట్టం భావిస్తుంది. కవరు విప్పకుండా అలాగే దరఖాస్తుతో పాటు తీసుకెళ్ళండి.

వాట్సాప్ మెసేజీలు పనికిరావా అంటే, వస్తాయి. ఓనర్ ‘సరే చూద్దాం’ అని ఒక్క ముక్క రాసినా చాలు, ఆయనకు తెలుసని తేలిపోతుంది. లోక్ అదాలత్ ముందు స్క్రీన్‌షాట్ ప్రింట్లతో సాధారణంగా గడుస్తుంది. అది కుదరక కోర్టుకు పోతే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జత చేయాల్సి ఉంటుంది. అందుకని ఫోన్ మార్చినా, ఫార్మాట్ చేసినా ముందు చాట్ భద్రం చేసుకోండి.

కిరాయి ఆపొద్దు

కోపంలో అందరూ చేసే పని ఇదే. రిపేరు చేయించేదాకా కిరాయి ఇవ్వను అని బిగబట్టుకుంటారు. అప్పటిదాకా తప్పు ఓనర్ వైపు ఉంటుంది, ఆ నెల నుంచి మీ వైపు తిరుగుతుంది. కిరాయి ఎగవేత అన్నది ఇల్లు ఖాళీ చేయించడానికి బలమైన కారణం. ఓనర్ తీసుకోనంటే ఆన్‌లైన్‌లో పంపండి, లేదా మనియార్డర్ చేసి రసీదు ఉంచుకోండి.

మరి మేమే బాగు చేయించుకుని కిరాయిలో పట్టుకుంటే? ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఆ వీలుంది. అయితే అందులో ఒక మెలిక ఉంది, యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళు దాన్ని దాటేస్తారు. ఓనర్ చేయించాల్సిన బాధ్యత ఉన్న రిపేరు అయి ఉండాలి, నోటీసు ఇచ్చి తగినంత గడువు ఇచ్చి ఉండాలి. బాధ్యత ఎవరిదో అగ్రిమెంట్ చెబుతుంది. టైపింగ్ షాపుల్లో ఏళ్ళ తరబడి అదే ముక్క కొడుతుంటారు: ‘చిన్న చిన్న రిపేర్లు కిరాయిదారే చేయించుకోవలెను’. స్లాబ్, డ్రైనేజీ, మెయిన్ వైరింగ్ చిన్నవి కావని మీరు వాదించవచ్చు, కానీ అది వాదనే. అగ్రిమెంట్‌లో ఏమీ లేకపోతే వాదన ఇంకా బలహీనం. కాబట్టి మేస్త్రీ దగ్గర ఎస్టిమేట్ రాయించుకుని, దాన్ని రెండో ఉత్తరంతో ఓనర్‌కు పంపి, ఆయన ఒప్పుకున్నట్టు ఏదో ఒక రాత వచ్చాకే చేయి వేయండి. కుళాయి వాషర్లు, బల్బులు, బోరు నీళ్ళ ఉప్పు పేరుకున్న షవర్, ఇలాంటివి మాత్రం మీరే చేయించుకోండి. వాటిని కూడా దరఖాస్తులో ఎక్కిస్తే అసలు రిపేరుకు విలువ తగ్గిపోతుంది.

రెంట్ కంట్రోల్ సంగతి కూడా చెప్పాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మన పట్టణాల్లో ఇప్పటికీ ఉంది. కానీ 2005 సవరణతో నెల కిరాయి 2,000 దాటిన ఇళ్ళను, మున్సిపల్ కార్పొరేషన్లలో అయితే 3,500 దాటిన ఇళ్ళను దాని నుంచి తీసేశారు. కట్టి 15 ఏళ్ళు కాని ఇళ్ళూ దాని కిందకు రావు. ఇవాళ రెండు వేలకు రెండు గదులు ఎక్కడ దొరుకుతాయి? మీ కిరాయి ఎంతో అడగకుండానే ‘రెంట్ కంట్రోల్‌లో వేద్దాం’ అనే మనిషికి దూరంగా ఉండండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప ఇక్కడ నడవదు.

పిలిచిన రోజు

దరఖాస్తు తీసుకున్నాక ఇద్దరికీ నోటీసు వెళ్తుంది. కోర్టు నుంచి కాగితం రాగానే సగం మంది ఓనర్లు మేస్త్రీని పంపిస్తారు, అది చూస్తున్నదే. వచ్చి కూర్చుంటే బేరం మొదలవుతుంది. సామాను ఓనర్‌ది, కూలీ కిరాయిదారుది అని కొందరు, కిరాయిదారు చేయించి నెలకింత చొప్పున పట్టుకోవడం అని కొందరు. అడ్వాన్స్ తిరిగి తీసుకుని ఇల్లు మారిపోవడంతో ముగిసేవీ ఉన్నాయి. దాన్ని ఓటమి అనుకోకండి. నెలలు నెలలు తడి గోడల మధ్య ఉండే కన్నా పూర్తి అడ్వాన్స్ చేతికొస్తే మంచిదే.

రాజీ కుదిరితే అవార్డు, అంటే ఆ రాజీ షరతుల ఉత్తర్వు రాస్తారు. సివిల్ కోర్టు డిక్రీకి ఎంత విలువో దానికీ అంతే, అప్పీలు లేదు. అప్పీలు లేకపోవడం మీకూ వర్తిస్తుంది. అందుకే సంతకానికి ముందు నిదానంగా చదివించుకోండి. ‘రిపేరు చేయిస్తాడు’ అని ఉంటే చాలదు. ఏ గది, ఏ పని, ఏ తేదీలోపు, ఖర్చు ఎవరిది, తేదీ దాటితే ఏంటి అన్నది రాయించండి. అడ్వాన్స్ అయితే మొత్తం, తేదీ. అప్పుడే మాట తప్పిన ఓనర్ మీద అమలు పిటిషన్ వేయడానికి వీలుంటుంది.

కొన్ని దరఖాస్తులు ఇక్కడికి కాకుండా వేరే చోటికి పోవాలి. ఇల్లు కూలేటట్టు ఉంటే శిథిల భవనం అని మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వండి, దానికి ప్రజావాణి కూడా పనిచేస్తుంది. కానీ వాళ్ళు వచ్చి చూసి ఖాళీ చేయమంటే ముందు బయటికి రావాల్సింది లోపల ఉన్న మీరే. ఇంకో ఇల్లు చూసుకుని ఆ పని చేయండి. రిపేరు అడిగినందుకు ఓనర్ మోటారు బంద్ చేసినా, కరెంటు తీసేసినా రాజీ తేదీ కోసం ఎదురుచూడొద్దు. న్యాయసేవాధికార సంస్థలోనే ఉచిత వకీలును అడిగి ఆ పని ఆపించే ఉత్తర్వు కోసం సివిల్ కోర్టులో ఇంజంక్షన్‌కు వేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఆ వకీలును ఇస్తారు, మిగతావాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు.

ఓనర్ పిలిచినా రాకపోవచ్చు, వచ్చి ఒప్పుకోకపోవచ్చు. లోక్ అదాలత్ బలవంతంగా తీర్పు చెప్పదు, రాజీ కుదరలేదని రాసి ముగిస్తుంది. ఆ కాగితం నకలు అడిగి తీసుకోండి. ఉచిత వకీలుకు అర్హత ఉంటే అదే ఆఫీసులో ఆ రోజే దరఖాస్తు ఇచ్చేయండి, కొత్తగా సమకూర్చుకోవాల్సిన కాగితం పెద్దగా ఏదీ ఉండదు. దరఖాస్తుతో ఇచ్చేవి జిరాక్స్‌లే. పోస్టు రసీదు, తిరిగొచ్చిన కవరు, అగ్రిమెంట్ ఒరిజినల్ ఎవరు అడిగినా చూపించి వెనక్కి తీసుకోండి.