గడ్డుకాలంలో కొత్త పని మొదలుపెట్టే ముందు పదిమందిని కూర్చోబెట్టండి

2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు నడిపేవారికీ, మేత దుకాణదారులకూ, ఐసు ఫ్యాక్టరీల వారికీ ఒకే దిగులు పట్టుకుంది. అయినా చాలామంది ఎవరి లెక్కలు వారు తలుపులు వేసుకుని చూసుకున్నారు. అటువంటి సమయంలో కొత్త వ్యాపారపు ఆలోచన కంటే ముందు కావలసినది, లెక్కలు దాచుకోకుండా కూర్చోగల కొద్దిమంది మనుషులు.

పది, పన్నెండు మంది చాలు. అందరూ చెరువుల వారే కానక్కరలేదు. సీడు (రొయ్య పిల్లలు) నుంచి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) దాకా సరుకు ఏయే చేతులు మారుతుందో ఆ చేతుల వారందరిలోనూ ఒక్కొక్కరైనా ఉండాలి. ఒకరికొకరు బాకీ ఉన్నా ఫరవాలేదు, ఆ మాట పైకి చెప్పగలిగితే చాలు. పదిహేను రోజులకొకసారి, వారంలో ఒకే రోజున, ఒకే వేళకు కలవండి. చోటు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. మేము మొదటిసారి టీకొట్టు ముందు కూర్చుని, సాయంత్రానికల్లా మా బాకీలు ఊరందరికీ తెలిసిపోయాక మేత గోదాములోకి మారాము. ప్రతివారూ మూడు సంగతులు చెప్పాలి: రావలసినది ఎంత, ఇవ్వవలసినది ఎంత, అమ్ముడుపోనిది ఏమిటి.

ఇలా కూర్చోవడం ఈ జిల్లాకు కొత్త కాదు. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి కలిసిన ఆడవారే 1992లో సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తరువాత జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. చదువుకు కలిసినవారు కనుకనే, పోరాటానికీ పొదుపుకూ మళ్లీ మనుషులను వెతుక్కోవలసిన అవసరం వారికి రాలేదు. మీరు కూడా చిన్న పొదుపుతోనే మొదలుపెట్టి, జమాఖర్చుల పుస్తకాన్ని ప్రతి సమావేశంలో పైకి చదవండి. పుస్తకం చదవడం మానేసిన సంఘం ఎక్కువ కాలం నిలవడం నేను చూడలేదు.

ఇక కొత్తదనం సంగతి. అది అమ్ముడుపోనిది ఏమిటి అన్న ఆ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనుంచే పుట్టాలి గాని, పక్క ఊరివాడు రొయ్యల పచ్చడి పెట్టాడని మనమూ పెట్టడం కొత్తదనం కాదు. పట్టణంలో రొయ్యలు ఇష్టంగా తినేవారు ఎందరో ఉన్నారు, వొలుచుకునే ఓపికే వారికి లేదు అనుకుందాం. అప్పుడు వొలిచిన రొయ్యలను అరకిలో పొట్లాలుగా ఐసులో పెట్టి ఇవ్వవచ్చునా అని చూడాలి. చెరువు గట్టున కిలో 250 రూపాయలనుకుంటే, తల, తొక్క పోగా 550 గ్రాములు మిగిలితే, వొలిచిన కిలో ఖరీదు అక్కడికే 455 రూపాయలవుతుంది. కూలి, ఐసు, బండి బాడుగ ఇంకా కలపలేదు. ఈ లెక్క ఒంటరిగా వేసుకున్నవారు సాధారణంగా ఐసును మరచిపోతారు, ఐసు ఫ్యాక్టరీ ఆయన ఎదురుగా ఉంటే మరవరు.

మొదటి ప్రయత్నం ఇరవై కిలోలకు మించకూడదు. డబ్బు పొదుపులోనుంచి తీయండి, అప్పు వద్దు. నష్టం ఎంత దాకా భరిస్తారో, దానిని ఎవరెవరు ఏ వంతున పంచుకుంటారో, ఎన్ని వారాల తరువాత ఆపేస్తారో ముందే పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. సంతకం అడిగితే స్నేహం చెడుతుందనేవారు ఉంటారు. నష్టం వచ్చాక అడిగితే తప్పక చెడుతుంది.

చేతిలోని పని వదలకుండా కొనేవారిని మార్చుకోవడం కూడా ఒక దారే. బడిపిల్లల పలకలకు గిరాకీ తగ్గాక మార్కాపురం రాయి గోడలకూ నేలకూ పరిచే బండలుగా మారింది.

రిజిస్ట్రేషన్‌కు తొందరపడకండి. పరస్పర సహాయక సహకార సంఘంగా 1995 చట్టం కింద నమోదు కావచ్చు, లేదా పదిమంది ఉత్పత్తిదారులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. రెండింటికీ ఏటా ఆడిటు ఖర్చు తప్పదు కనుక, రెండు పట్టుబడుల కాలం కలిసి నిలిచాక ఆ కాగితాలు కదిలించడం మేలు.