చెవిలో హోరుకు సౌండ్ థెరపీ మొదలుపెట్టే ముందు

సౌండ్ థెరపీ అంటే ఫోన్ యాప్‌లోనో స్పీకర్‌లోనో వాన చప్పుడు లాంటి మెల్లని శబ్దం వింటూ హోరుకు అలవాటు పడటం.

వినికిడి ఉన్నట్టుండి తగ్గిందా? యాప్ పక్కన పెట్టి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దీనికి స్టెరాయిడ్ వైద్యం మొదటి రెండు వారాల్లోనే బాగా పనిచేస్తుంది. వాన చప్పుడు వింటూ గడిపేస్తే ఆ రోజులు తిరిగి రావు.

హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండెతో పాటు లయగా కొట్టుకుంటున్నా ముందు పరీక్షలు. కారణం నరంలోనో రక్తనాళంలోనో ఉండొచ్చు.

హోరును ముంచేసేంత వాల్యూమ్ వద్దు. మెదడు దానికి అలవాటు పడాలంటే అది కాస్త వినపడుతూనే ఉండాలి. అసలు చిక్కు ఎక్కడంటే, రాత్రి గదిలో సరిపోయిన వాల్యూమ్ పొద్దున బస్సులో చాలదు. పెంచేస్తాం, దిగాక తగ్గించడం మరచిపోతాం. 85 డెసిబెల్స్ దగ్గర రోజూ 8 గంటలు దాటితే ఉన్న వినికిడికే ముప్పు.

గిన్నెకు గిన్నె తగిలినా చెవి నొప్పెడుతుందా? ఆడియాలజిస్ట్‌కు (వినికిడి నిపుణులకు) ముందే చెప్పండి. అలాంటి చెవికి శబ్దాన్ని చాలా మెల్లగా అలవాటు చేయాలి.

ఇయర్‌బడ్స్‌తో నిద్రపోవద్దు, గులిమి లోపలికి పోతుంది. దిండు పక్కన చిన్న స్పీకర్ చాలు.

వినికిడి పరీక్ష చేయించుకోండి. లోపం ఉంటే హియరింగ్ ఎయిడ్‌తోనే చాలామందికి హోరు బాధ తగ్గుతుంది.

‘పూర్తిగా నయం’ అంటూ ముందే డబ్బు కట్టమంటే అనుమానించండి. ఈ థెరపీ హోరును తుడిచేయదు, దాని మీది ధ్యాసను, టెన్షన్‌ను తగ్గిస్తుంది, అదీ నెలల మీద.

విన్న మర్నాటికీ హోరు పెరిగే ఉంటే ఆపి, డాక్టర్‌ను అడగండి.