మొక్కల అక్వేరియంలో అడుగున ఏం వేయాలి? ఎలా ఎంచుకోవాలి?

కొత్తగా మొక్కల ట్యాంక్ పెట్టేవాళ్లు నన్ను మొదట అడిగేది "ఏ కంపెనీ సాయిల్ కొనాలి?" అని. మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయని నేను అడిగితే చాలామందికి తెలియదు. అడుగు పొరను ఎంచుకునే పని షాపులో కాదు, ఇంట్లో కుళాయి దగ్గర మొదలవ్వాలి.

ముందు మీ నీళ్లు తెలుసుకోండి

హైదరాబాద్‌లో ఒక్కో ఇంటి నీళ్లు ఒక్కో రకం. కొందరికి మంజీర నీళ్లు, కొందరికి కృష్ణా నీళ్లు వస్తాయి. చాలా అపార్ట్‌మెంట్ల సంపుల్లో వాటితో బోరు నీళ్లు కలుస్తాయి, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. వాచ్‌మన్‌ని అడిగితే సంగతి తెలుస్తుంది. బకెట్ అంచున, గీజర్‌లో తెల్లగా పెచ్చు కడుతుంటే నీళ్లు గట్టివని (హార్డ్ వాటర్ అని) అర్థం. అంతటితో సరిపెట్టకుండా కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ గట్టిదనం) కొలిచే టెస్ట్ కిట్ కొని చూడండి.

యాక్టివ్ సాయిల్ అనేది మట్టిని ఉండలు చేసి కాల్చింది. నీళ్లలోని కార్బొనేట్ గట్టిదనాన్ని తగ్గించి పీహెచ్‌ను దించుతుంది. కానీ ఆ శక్తికి హద్దు ఉంది. గట్టి బోరు నీళ్లు వారం వారం మారుస్తూ పోతే ఆ హద్దు తొందరగా వచ్చేస్తుంది, పెట్టిన డబ్బు వృథా. కేహెచ్ 4 లోపు ఉంటే సాయిల్ వేయండి. అంతకు మించితే ఇసుక, రూట్ ట్యాబ్స్ (వేళ్ల దగ్గర గుచ్చే ఎరువు బిళ్లలు) వాడండి. నేను ఇందులో రాజీ పడను. ఇసుకలో ఎరువు ఉండదు కాబట్టి మొక్కలు పెరగవని కొందరు వాదిస్తారు. క్రిప్టొకొరైన్, వాలిస్‌నేరియా, అమెజాన్ స్వార్డ్ లాంటివి వేళ్లతో తింటాయి. వాటి మొదళ్ల దగ్గర రెండు, మూడు నెలలకోసారి ఒక ట్యాబ్ గుచ్చితే చక్కగా పెరుగుతాయి. అనూబియస్, జావా ఫెర్న్ అయితే కర్రకు కట్టి పెంచాలి, వాటికి అడుగు పొరతో పనే లేదు.

గింజ సైజు

1 నుంచి 3 మిల్లీమీటర్లు. పిండిలా సన్నగా ఉంటే గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. బఠానీ అంత ఉంటే మొక్క నిలబడదు, చెత్త సందుల్లోకి దిగుతుంది. రోబో ఇసుక మన గ్రానైట్ రాయిని పిండి చేసిందే కాబట్టి అందులో సాధారణంగా సున్నం భయం ఉండదు. కానీ దుమ్ము ఎక్కువ, గింజ అంచులు పదును. అడుగున మేసే కోరీ చేపలు పెంచేవాళ్లు దాని జోలికి పోవద్దు, వాటి మీసాలు దెబ్బతింటాయి. రంగు వేసిన నీలం, గులాబీ రాళ్లు వద్దు.

సున్నం పరీక్ష: అందరూ తప్పు చేసేది ఇక్కడే

మొక్కల ట్యాంకులు పాడైపోవడానికి నేను ఎక్కువసార్లు చూసిన కారణం గ్రావెల్‌లో (అడుగున వేసే సన్న రాళ్లలో) కలిసిపోయిన సున్నపురాయి, పాలరాయి ముక్కలు, గవ్వల పెంకులు. ఇవి నెమ్మదిగా కరుగుతూ కేహెచ్‌ను, పీహెచ్‌ను పెంచుతూనే ఉంటాయి. నాకు ఒక షాపులో నది ఇసుక అని అమ్మిన సంచిలో గవ్వల పొడి ఉంది. నాలుగు నెలల పాటు ఎరువు మార్చాను, లైటు మార్చాను. తప్పు అడుగున ఉందని ఆఖరున తెలిసింది. ట్యాంక్ మొత్తం విప్పాల్సి వచ్చింది.

సున్నం ఉంటే బుడగలు లేచే వెనిగర్ పరీక్ష చేశామని చాలామంది చెబుతారు. రెండు రాళ్ల మీద చుక్క వేసి, బుడగ రాలేదని వదిలేస్తారు. అది పరీక్ష కాదు. సంచి పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి పిడికెడు చొప్పున తీయండి. కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తెల్లవి, బూడిద రంగువి, గవ్వలా మెరిసేవి విడిగా ఏరి, వాటిలో కొన్నిటిని సుత్తితో నలగ్గొట్టండి, ఎందుకంటే రాయి పైపొర ఒక్కోసారి లోపలి సున్నాన్ని కప్పేస్తుంది. గాజు గ్లాసులో వేసి మునిగేదాకా వెనిగర్ పోయండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం పోసినా పని జరుగుతుంది. పోయగానే పైకి వచ్చే నాలుగు బుడగలు గాలివి, వాటిని చూసి టెన్షన్ పడొద్దు. పది నిమిషాలు ఆగి చూడండి. అప్పటికీ ఒక రాయి నుంచి సన్నని బుడగలు వరసగా లేస్తుంటే ఆ సంచి వెనక్కి ఇచ్చేయండి. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.

వెనిగర్ బలహీనమైనది, దానికి దొరకని సున్నం కూడా ఉంటుంది. అందుకే రెండో పరీక్ష తప్పనిసరి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి రెండు సీసాల్లో పోయండి. ఒకదాంట్లో గ్రావెల్ సగం దాకా వేయండి, రెండోదాంట్లో నీళ్లు మాత్రమే ఉంచండి. వారం తర్వాత రెండింటి కేహెచ్ చూడండి. గ్రావెల్ ఉన్న సీసాలో పెరిగిందంటే అది మీ ట్యాంక్‌కు పనికిరాదు. అలంకరణకు పెట్టే రాళ్లకు కూడా ఇవే రెండు పరీక్షలు చేయండి. సెయిర్యు రాయి అందంగా ఉంటుంది, కానీ సున్నం వదులుతుంది.

పొలం మట్టి అడుగున వేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. నల్లరేగడిలో సున్నపు గడ్డలు ఉంటాయి, వద్దు. నర్సరీలో పేడ ఎరువు కలిపిన మట్టి నీళ్లలో కుళ్లి అమ్మోనియా వదులుతుంది, అదీ వద్దు.

ఎంత కావాలి?

పొడవు, వెడల్పు, పొర మందం సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 బై 30 ట్యాంక్‌లో 5 సెంటీమీటర్ల పొరకు 9 లీటర్లు కావాలి. ఇసుక అయితే సుమారు 14 కిలోలు. ముందువైపు 3, వెనక 7 సెంటీమీటర్లు ఉండేలా వాలుగా పరచండి. ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడగాలి. సాయిల్‌ను అసలు కడగకూడదు, ఉండలు విరిగి బురదవుతుంది.

పైన ఒక ప్లేటు బోర్లించి, దాని మీద నెమ్మదిగా నీళ్లు పోయండి. కొత్త సాయిల్ మొదటి వారాల్లో అమ్మోనియా వదలొచ్చు. కాబట్టి నీళ్లు తరచుగా మారుస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలను వదలండి.