ఊరి నీళ్ల మీద, అడవి మీద ఆర్థిక పరిశోధన చేయాలంటే నిధులు ఎలా తెచ్చుకోవాలి?

పలమనేరు వైపు టమాటా రైతును బోరు గురించి అడిగితే లోతు అడుగుల్లో, నీళ్లు అంగుళాల్లో చెబుతాడు. "వెయ్యడుగులు దించితే అంగుళం నీళ్లు పడినాయి సార్" అంటాడు. అంతకుముందు ఫెయిలైన బోర్ల అప్పు ఆ మాటలో కనబడదు. వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఎంతసేపు ఆడినా బిల్లు రాదు. పక్క పొలంవాళ్లు ఇంకా లోతుకు దించితే మాత్రం ఇతని బోరు ఎండిపోవచ్చు. ఒకరు వాడుకున్నదానికి ఖర్చు ఎవరి మీద పడుతోందో లెక్క తీయడం పర్యావరణ ఆర్థికశాస్త్రం పని. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, కాలేజీ అధ్యాపకులు, చిన్న స్వచ్ఛంద సంస్థలవాళ్లు ఆ పనికి డబ్బు ఎలా తెచ్చుకోవచ్చో చూద్దాం.

1. ప్రశ్నను ఒక నిర్ణయానికి ముడిపెట్టండి

"చిత్తూరు జిల్లాలో సహజ వనరుల సుస్థిర యాజమాన్యం" అని శీర్షిక పెడితే మీరు ఏం చేయబోతున్నారో ఎవరికీ అర్థం కాదు. "చెరువు పూడిక తీస్తే ఆయకట్టు రైతుకు ఎంత మిగులుతుంది, చెరువు దిగువన బోర్లున్న రైతుకు ఎంత మిగులుతుంది, ఆ ఖర్చులో ఎవరెంత పెట్టుకోగలరు?" అని అడగండి. ఆ జవాబు ఇరిగేషన్ ఇంజినీరుకు కావాలి, సర్పంచికీ కావాలి. జవాబు ఎవరికి కావాలో చెప్పగలిగితే ప్రతిపాదనలో సగం పని అయినట్టే.

మన దగ్గర ఇలాంటి ప్రశ్నలకు కొదవ లేదు. కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగులు తొక్కిన పంటకు ఇచ్చే పరిహారం అసలు నష్టానికి సరిపోతోందా? సొంత పొలంలో ఎర్రచందనం పెంచే రైతుకు అనుమతుల ఖర్చు, ఆలస్యం పోను ఎంత దక్కుతోంది? జీవ వనరులతో వ్యాపారం చేసేవాళ్లు 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఇవ్వాల్సిన ప్రయోజనాల వాటా ఎవరికి చేరుతోంది? పులికాట్‌లో చేపల వేట తగ్గితే ఏ కుటుంబం మీద ఎంత భారం పడుతుంది? వీటిలో ఒక్కటే ఎంచుకోండి.

2. ఉన్న లెక్కలు ముందు చూడండి

కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలన బావుల్లో నీటిమట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. రాష్ట్ర భూగర్భ జల శాఖకు సొంత ఫీజోమీటర్లు (నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లు) ఉన్నాయి. ఇంకొకటి చాలామంది మరిచిపోయారు. ఏపీఫామ్స్ (APFAMGS) అనే భూగర్భ జలాల ప్రాజెక్టులో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల రైతులు తమ బావుల నీటిమట్టం, ఊరి వాన తామే కొలుచుకుని, రబీకి ముందు కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. చిత్తూరు ఆ ఏడింటిలో ఒకటి. అప్పట్లో కొలతలు తీసిన రైతు మీరు వెళ్లే మండలంలో ఉన్నాడేమో కనుక్కోండి. ఆయన సాయం చేస్తే సర్వే తీరే మారిపోతుంది.

ఊరి కట్టుబాట్లు కూడా లెక్కే. ఉమ్మడి వనరులను జనమే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని చూపినందుకు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన చెరువుల కింద నీళ్లు పంచే నీరుగంటి ఆ నియమాలను చేతల్లో నడిపినవాడు. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారో, కూలి ఎవరిస్తున్నారో తప్పక అడగండి.

3. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మొదటిసారి అడిగేవారికి నేను ముందు చెప్పే పేరు శాండీ (SANDEE). 1999లో మొదలైన ఈ దక్షిణాసియా పర్యావరణ ఆర్థికశాస్త్ర నెట్‌వర్క్ ఖాట్మండు నుంచి నడుస్తోంది. ఇచ్చే గ్రాంట్లు చిన్నవే. కానీ ఆర్థికవేత్తలు మీ ప్రతిపాదనను ముక్కముక్కగా విప్పి సరిచేయిస్తారు. ఆ శిక్షణ డబ్బు కంటే విలువైనది. సాంఘికశాస్త్ర పరిశోధనకు ఢిల్లీలోని ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సాంఘికశాస్త్ర పరిశోధన మండలి), వ్యవసాయం, గ్రామీణ జీవనానికి సంబంధించినదైతే నాబార్డ్ పరిశోధన నిధి ఉన్నాయి. గడువులు, అర్హతలు మారుతుంటాయి కాబట్టి తాజా ప్రకటన చూసుకోండి.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత నిధుల) దారి వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, పర్యావరణం ఆ జాబితాలో ఉంది. అయితే కంపెనీలకు కంటికి కనిపించే పని కావాలి. అందుకని వట్టి పరిశోధన అడగకుండా, వాళ్లు పూడిక తీయిస్తున్న చెరువుకు "ముందు కొలత, తర్వాత కొలత" మేం తీస్తామని అడగండి. సంస్థ తరఫున వెళ్తే సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి. విదేశీ డబ్బు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి తప్పనిసరి. లేకపోతే విశ్వవిద్యాలయం ద్వారా వెళ్లే వీలుందేమో ముందే మాట్లాడుకోండి.

4. బడ్జెట్ కాళ్లతో నడిచి వేయండి

చాలా ప్రతిపాదనలు దెబ్బతినేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌కు, సెమినార్‌కు ధారాళంగా రాసి, ఇంటింటికీ తిరిగేవాళ్లకు మిగిలింది రాస్తారు. లెక్క తలకిందులుగా మొదలుపెట్టండి. బోరు చరిత్ర, పంటలు, అప్పులు అడగాలంటే ఒక ఇంట్లో గంటన్నర పడుతుంది. పొలం వెళ్లి బోరు చూడటం, దారి కలుపుకుంటే ఒకరు రోజుకు నాలుగిళ్లు చేయగలరు. ఉదాహరణకు 240 ఇళ్లంటే 60 పనిరోజులు. నలుగురుంటే 15 రోజులు, ట్రయల్ సర్వే, శిక్షణ, తాళం వేసి ఉన్న ఇళ్లకు మళ్లీ వెళ్లడం కలిపితే ఇంకో వారం. వాళ్లకు రోజుకూలి, భోజనం, బండి పెట్రోలు, రాత్రి బస విడివిడిగా రాయండి. ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడవాళ్లే వెళ్లాలి. ఇంట్లో నీళ్ల కష్టం, చీటీల అప్పు వాళ్లే చెబుతారు.

ఎండిపోయిన బోర్ల ఖర్చును విడి ప్రశ్నగా పెట్టండి. ఎప్పుడు వేశారు, ఎంతయింది, ఎన్నేళ్లు ఆడింది అని ఒక్కో బోరుకు ఒక్కో వరుస ఉండాలి. ఆ మొత్తాన్ని బోరు ఆడిన సంవత్సరాలకు పంచితేనే ఒక ఎకరా తడికి అసలు ఖర్చు తేలుతుంది. కరెంటు ఉచితం కదా అని నీళ్లకు సున్నా వేస్తే పరిశోధన మొత్తం తప్పుదారి పడుతుంది.

కాలం కూడా డబ్బే. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం. ఎండాకాలం మట్టం, వానల తర్వాత మట్టం రెండూ కావాలంటే ఏడాది చాలదు, పద్దెనిమిది నెలలు అడగండి. మామిడి కోతల్లో సర్వే పెట్టొద్దు, రైతులంతా తోటల్లోనో మండీల్లోనో ఉంటారు.

5. పంపే ముందు

పంచాయతీ నుంచి, సంబంధిత శాఖ నుంచి సహకార లేఖలు తీసుకోండి. అడవిలోకి వెళ్లాల్సి ఉంటే అటవీ శాఖ అనుమతికి నెలలు పట్టొచ్చు. మీ సంస్థ ఓవర్‌హెడ్ (ఆఫీసు నిర్వహణ ఖర్చు) కింద గ్రాంటులో ఎంత తీసుకుంటుందో అడిగి రాసుకోండి. సారాంశాన్ని ఆర్థికశాస్త్రం తెలియని ఒకరి చేత చదివించండి.

6. డబ్బు వచ్చాక

మొదటి రోజు నుంచే ప్రతి బిల్లూ ఫైలు చేయండి. ప్రభుత్వ గ్రాంటుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందన్న ధ్రువపత్రం) ఇవ్వనిదే తర్వాతి విడత రాదు. ఆ టెన్షన్ ఆఖర్లో పడొద్దు. ఫలితాలను ఊళ్లో తెలుగులో చెప్పడానికి బడ్జెట్‌లోనే ఒక పద్దు పెట్టుకోండి. పెద్ద కాగితం మీద ఊరి పటం గీసి, ఆడుతున్న బోర్లు ఒక రంగులో, ఎండినవి ఇంకో రంగులో పెడితే రైతులే తప్పులు చూపించి సరిచేస్తారు. ఈ సమావేశం రబీ విత్తనాలు కొనకముందే పెట్టండి, అప్పుడైతే ఏ పంట వేయాలో ఆ లెక్క చూసుకుని మాట్లాడుకోగలరు.