ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయి? 4వ పాఠం: మజిలీ మజిలీకీ లెక్క

నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. పోయిన పాఠంలో పింగ్ కొట్టడం, అంటే అవతలి యంత్రానికి చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూడటం నేర్చుకున్నాం. నాలుగు ప్యాకెట్లు పంపితే నాలుగూ తిరిగొచ్చి ఉంటాయి. లైన్ బాగానే ఉందని మీకు అనిపించి ఉంటుంది. ఈ రోజు ముందుగా ఆ నమ్మకం సంగతి చూద్దాం.

నూటికి రెండు ప్యాకెట్లు పోతున్న లైన్ మీద నాలుగే పంపితే, నాలుగూ క్షేమంగా వచ్చే అవకాశం 92 శాతం. అంటే జబ్బున్న లైన్‌ని కూడా దాదాపు ప్రతిసారీ బాగుందనే అనుకుంటాం. ఇక నుంచి 500 పంపండి. విండోస్‌లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి హైఫన్ ఎన్, మళ్లీ ఖాళీ వదిలి 500, ఆ తర్వాత చిరునామా. సెకనుకి ఒకటి చొప్పున ఎనిమిది నిమిషాలు దాటుతుంది. మధ్యలో ఆపకండి.

రెండు శాతమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ప్యాకెట్లన్నీ చేరేలా చూసుకునే పద్ధతి పేరు టీసీపీ. ప్యాకెట్ పోయిందంటే అది దారిలో రద్దీ ఉందని అనుకుని వేగం తగ్గించుకుంటుంది. తప్పు తీగదే అయినా దానికి తెలియదు. 1997లో మ్యాట్ మ్యాథిస్, అతని సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం, రానుపోను 50 మిల్లీసెకన్లు పట్టే దారిలో 2 శాతం నష్టముంటే ఒక కనెక్షన్‌కి దక్కేది సుమారు 2 ఎంబీపీఎస్. మీరు 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బు కట్టినా అంతే. ఇప్పటి సిస్టమ్‌లు కొంత మెరుగే, కానీ దెబ్బ మాత్రం తప్పదు.

నష్టం ఉందని తేలాక, అది ఎక్కడుందో చూడాలి. దానికి ట్రేస్‌రూట్ కావాలి, అంటే ప్యాకెట్ వెళ్లే దారిలో మజిలీలన్నీ చూపించే కమాండ్. మన రైలు లైన్‌తో చెప్తాను, ఇంతకంటే తేలికగా నాకు తోచలేదు.

పర్లాకిమిడిలో రైలెక్కితే పాతపట్నం, టెక్కలి దాటి నౌపడా చేరతాం. 1900 నుంచీ ఉన్న దారి ఇది. ఒక మనిషికి పాతపట్నం వరకే టికెట్ ఇచ్చి పంపారనుకోండి. అక్కడ అతన్ని దింపేసి, స్టేషన్ మాస్టర్ మనకి ఉత్తరం రాస్తాడు: మీ మనిషి టికెట్ ఇక్కడితో అయిపోయింది. రెండో మనిషికి టెక్కలి దాకా టికెట్. ఉత్తరం టెక్కలి నుంచి వస్తుంది. ఇలా ఒక్కో మజిలీ పెంచుకుంటూ పోతే దారంతా తెలిసిపోతుంది. ప్యాకెట్‌కి ఆ టికెట్ పేరు టీటీఎల్. దారిలో స్టేషన్‌లాంటిది రూటర్, ప్యాకెట్‌ని తర్వాతి మజిలీకి దాటించే పెట్టె. ప్రతి రూటరూ అందులోంచి ఒకటి తీసేస్తుంది. సున్నా అయితే ప్యాకెట్‌ని పారేసి, ఎక్కడ పారేసిందో తిరిగి చెప్తుంది.

ఇదే పని ఆగకుండా చేసి, మజిలీ మజిలీకీ నష్టం శాతం చూపించేది ఎమ్‌టీఆర్. విండోస్‌కి విన్‌ఎమ్‌టీఆర్ దొరుకుతుంది, ఉచితం.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రెండో మజిలీలో 60 శాతం నష్టం కనబడుతుంది. వెంటనే టెన్షన్ పడి, తప్పు అక్కడే అని కంపెనీకి ఫోన్ చేస్తారు. మూడు, నాలుగు, చివరి మజిలీ చూస్తే మాత్రం సున్నా. పాతపట్నంలో పదిమందిలో ఆరుగురు నిజంగా పోతే నౌపడాకి పదిమందీ ఎలా చేరతారు? మనుషులు ఎక్కడా పోలేదు. స్టేషన్ మాస్టర్ రైళ్లు నడిపించే పనిలో ఉండి అన్ని ఉత్తరాలూ రాయలేదు, అంతే. రూటర్లు కూడా ప్యాకెట్లు దాటించడం ముందు పెట్టుకుంటాయి. జవాబులకి సెకనుకి ఇన్నే అని హద్దు పెట్టుకుంటాయి. కాబట్టి ముందు చివరి మజిలీ చూడండి. అక్కడ నష్టం లేకపోతే మధ్యలో కనబడేది నష్టం కాదు. చివర 8 శాతం ఉంటే వెనక్కి రండి. ఆ 8 ఏ మజిలీ నుంచి మొదలై చివరి దాకా వచ్చిందో, అక్కడికి కాస్త ముందూ వెనకా వెతకాలి. కాస్త అని ఎందుకన్నానంటే ఇది రానుపోను లెక్క. ప్యాకెట్ వెళ్లేటప్పుడు పోయిందో, జవాబు వచ్చేటప్పుడు పోయిందో ఇందులో తెలియదు.

ఇప్పుడు నేను చూసిన ఒక కేసు. మా ఊరు పర్లాకిమిడి బజారులో మా పిన్ని వరసావిడ ఆన్‌లైన్ ఫారాలు నింపే షాపు నడుపుతోంది. ఒడిశాలో స్కాలర్‌షిప్ ఫారం అంటే పేజీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగు ఇళ్ల పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఆవిడ దగ్గరికే వస్తారు. ఫోటో అప్‌లోడ్ ముప్పావు వంతు దాకా వెళ్లి ఆగిపోయేది. "ఏట్రా, మళ్లీ ఆగిపోనాది" అని నాకు ఫోన్. అప్పటికే 50 ప్లాన్‌ని 100కి పెంచేసింది. ఏమీ మారలేదు. గడువు ముందు రోజు బయట వరండాలో పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ ముఖాలు గుర్తుండే ఈ పాఠాలు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. వ్యవహారంలో ఉన్న తెలుగులోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే కదా.

ఎమ్‌టీఆర్ కంటే ముందు రూటర్‌కే 500 పింగ్‌లు కొట్టాను. కంప్యూటర్‌కీ రూటర్‌కీ మధ్య ఉన్నది ఒక్క తీగే. 11 పోయాయి. అంటే 2.2 శాతం. నష్టం గది లోపలే ఉంది, కంపెనీ దాకా వెళ్లనే లేదు. మీరూ ఎప్పుడైనా ముందు ఇదే కొలవండి. రూటర్ చిరునామా ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొడితే డీఫాల్ట్ గేట్‌వే అన్న వరసలో ఉంటుంది.

వచ్చిన 489 జవాబుల టైమ్ చూశాను. అన్నీ ఒక మిల్లీసెకను దగ్గరే. ఈ గడిని చాలామంది చూడరు, నాకు మాత్రం శాతం కంటే ఇదే ఎక్కువ చెప్తుంది. రద్దీ వల్ల పోయేటప్పుడు ముందు క్యూ పెరుగుతుంది. టైమ్ 3, 40, 180 అని ఎక్కుతూ పోయి, క్యూ నిండాక ప్యాకెట్ పడిపోతుంది. టైమ్ కదలకుండా ప్యాకెట్ మాత్రం మాయమైతే తీగనీ, జాక్‌నీ అనుమానించాలి. వైఫైలో రెండూ కలగలిసి ఉంటాయి, దాని సంగతి ఆరో పాఠంలో.

తర్వాత నెట్‌స్టాట్ హైఫన్ ఈ కొట్టాను, కంప్యూటర్‌కి వచ్చిన, పోయిన ప్యాకెట్ల లెక్క చూపించే కమాండ్ అది. అందులో ఎర్రర్స్, డిస్కార్డ్స్ అని రెండు వరసలు. ప్యాకెట్ చెడిపోయి వస్తే ఎర్రర్. బాగానే వచ్చినా పారేయాల్సి వస్తే, ఉదాహరణకి పెట్టుకోడానికి చోటు లేకపోతే, డిస్కార్డ్. తీగ మీద ప్యాకెట్‌ని చుట్టి పంపే ఈథర్‌నెట్ ఫ్రేమ్ చివర 4 బైట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. ఒక్క బిట్ మారినా లెక్క కుదరదు, కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు దాన్ని పంపినవాళ్లకి చెప్పకుండా పారేస్తుంది. అంకె ఎంతుందన్నది ముఖ్యం కాదు, పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. పెద్ద ఫైల్ ఒకటి దించుతూ మళ్లీ చూశాను. ఎర్రర్స్ పెరుగుతున్నాయి.

తీగ వెంట చేయి పెట్టుకుంటూ వెళ్తే, షట్టర్ దిగేచోట నలిగి ఉంది. రోజూ రాత్రి షట్టర్ దాని మీదే పడుతోంది. కొత్త తీగ వేసి, గోడ మీదుగా తిప్పి, మళ్లీ 500 కొట్టాను. 500 వచ్చాయి. ఆ సాయంత్రమే ఫారాలన్నీ వెళ్లాయి.

ఈ వారం అభ్యాసం: మీ రూటర్‌కి 500 పింగ్‌లు, పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. పోయినవి ఎన్ని, టైమ్ కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అన్నవి నోట్‌బుక్‌లో రాయండి. ప్రతిసారీ ముందూ వెనకా ఎర్రర్స్, డిస్కార్డ్స్ కూడా. ఐదో పాఠంలో డ్యూప్లెక్స్ తేడా, అంటే తీగ బాగున్నా లోడ్ పడగానే ప్యాకెట్లు పోయే జబ్బు. దానికి ఈ అంకెలు కావాలి, నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.