గాలం పాఠాలు – 4: రీలు లేని రాడ్‌ని చూసి ఓవర్‌హెడ్డో స్పిన్నింగో చెప్పడం

పోయిన పాఠంలో రీళ్లు, అంటే గాలం దారం (లైన్) చుట్టి ఉండే చక్రాలు చూశాం. స్పిన్నింగ్ రీలు రాడ్ కింద వేలాడుతుంది, ఓవర్‌హెడ్ రీలు రాడ్ నెత్తిన కూర్చుంటుంది, అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా రీలు తీసేసిన ఒట్టి రాడ్ చేతికొచ్చినప్పుడే. "రింగులు (కర్ర పొడవునా లైన్ దూరి వెళ్లే వలయాలు) కిందికుంటే స్పిన్నింగ్, పైకుంటే ఓవర్‌హెడ్" అని ఒక సూత్రం చెబుతుంటారు. వినడానికి బానే ఉంటుంది కానీ ఒట్టి రాడ్‌ని ఎటు తిప్పితే రింగులు అటే తిరుగుతాయి కదా, ఇక పైనేంటి, కిందేంటి!

(ఓవర్‌హెడ్ అన్నది ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ల మాట. అమెరికా వీడియోల్లో అయితే చిన్నవాటిని బెయిట్‌కాస్టింగ్ అని, సముద్రానికి తీసుకెళ్లే పెద్దవాటిని కన్వెన్షనల్ అని అంటారు. పేర్లు చూసి కంగారుపడొద్దు.)

ముందు ఒక చిన్న పని చేయండి. కుట్టుమిషన్ దారం కండె ఒకటి తీసుకుని, దాన్ని కదలకుండా నిలబెట్టి పట్టుకుని, దారాన్ని కండె కొస మీదుగా సర్రున లాగండి. దారం తిన్నగా రాదు, గుండ్రంగా చుట్లు చుట్లుగా ఎగురుతూ వస్తుంది. ఇప్పుడు అదే కండెకి మధ్యలో పెన్సిల్ దూర్చి, అడ్డంగా పట్టుకుని లాగండి. కండె గిర్రున తిరుగుతుంది, దారం మాత్రం గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. మొదటిది స్పిన్నింగ్ రీలు, రెండోది ఓవర్‌హెడ్ రీలు. ఈ మొదటి పద్ధతి రీలుకి 1905లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్న ఇల్లింగ్‌వర్త్ ఉన్ని మిల్లుల ఆసామి, మిల్లులో కండెల మీంచి దారం జారడం చూసే ఆయనకి ఈ ఆలోచన తట్టిందని చెబుతారు.

ఇప్పుడు రాడ్ పట్టుకోండి. చూడాల్సింది రీలు బిగించే చోటికి దగ్గరగా ఉన్న తొలి రింగు. స్పిన్నింగ్ రాడ్‌లో ఆ ఎగిరే చుట్లని మొదట పట్టి అదుపు చేయాల్సింది అదే కాబట్టి అది పెద్దగా ఉంటుంది, రీలుకి బాగా ఎడంగా ఉంటుంది. 7 అడుగుల మామూలు రాడ్‌కి 25, 30 మిల్లీమీటర్ల రింగు సాధారణం. అక్కణ్ణుంచి కొస దాకా రింగులు గరాటులాగా సన్నబడుతూ పోతాయి. ఓవర్‌హెడ్‌లో లైన్ తిన్నగానే వస్తుంది కాబట్టి పెద్ద రింగుతో పని లేదు. అంతే పొడవున్న బెయిట్‌కాస్టింగ్ రాడ్‌లో తొలి రింగు 10, 12 మిల్లీమీటర్లకి మించడం అరుదు, రీలుకి దగ్గరగా, కర్రకి అతుక్కున్నట్టు ఉంటుంది. మిగతావీ దాదాపు అదే సైజులో, కాస్త ఎక్కువ సంఖ్యలో ఉంటాయి.

సంఖ్య ఎందుకు ఎక్కువ? చేప లాగినప్పుడు రాడ్ కిందికి వంగుతుంది. లైన్ రాడ్ అడుగునుంటే కర్రకి దూరంగా జరుగుతుంది, గొడవే లేదు. పైనుంటే రెండు రింగుల మధ్య కిందికి దిగి కర్రని రాసుకుంటుంది. అందుకే రింగులు దగ్గర దగ్గరగా కడతారు.

ఇది నాకు డబ్బులు పోసి నేర్చుకున్న పాఠం. కొత్తలో ఒకాయన దగ్గర పాత రాడ్, దానికే బిగించి ఉన్న స్పిన్నింగ్ రీలు కలిపి చౌకగా వస్తున్నాయని కొన్నాను. ఎంత బలంగా విసిరినా ఎర నాలుగు బారల అవతలే పడేది, లైన్ తొలి రింగుకి టపటపా కొట్టుకునేది. నా చేతిలోనే లోపముందనుకుని నెలంతా విసరడం ప్రాక్టీస్ చేశాను. తీరా ఒకరోజు పట్టుకునే చోట వేలికి ఏదో కొక్కెం తగిలితే తిప్పి చూశాను. ట్రిగ్గర్! అది ఓవర్‌హెడ్ రాడ్, రీలే తప్పు. ఆ కొక్కేన్ని అన్నాళ్లూ డిజైన్ అనుకున్నాను, నవ్వుకోండి.

ట్రిగ్గర్ గురించి ఒక్క మాట. ఉంటే అది రీలు పైన పెట్టే రాడ్డే, సందేహం అక్కర్లేదు. లేకపోతే మాత్రం స్పిన్నింగ్ అని తీర్పు ఇచ్చేయకండి, సముద్రానికి వాడే బరువైన ఓవర్‌హెడ్ రాడ్లకి చాలావాటికి ట్రిగ్గర్ ఉండదు. అలాంటివాటిని మడమ, అంటే పిడి అడుగు కొస, తిప్పి చూడండి. నడుముకి కట్టుకునే బెల్టులో గానీ పడవలోని కుర్చీలో గానీ గుచ్చి నిలపడానికి కూడిక గుర్తులా గాడి కోసి ఉండొచ్చు. రింగుల బదులు చిన్న చిన్న చక్రాలు బిగించి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఓవర్‌హెడ్డే.

ఈ మధ్య వస్తున్న స్పిన్నింగ్ రాడ్లలో ఒక మోసం ఉంది. తొలి రింగు 20 లేదా 16కి దిగిపోయింది. సైజు ఒక్కటే చూస్తే బోల్తా పడతాం, కాళ్లు చూడండి. రింగు చిన్నదైనా కొంగకాళ్లలాంటి పొడవాటి కాళ్ల మీద కర్రకి ఎత్తుగా నిలబడి ఉంటే అది స్పిన్నింగే, ఎందుకంటే కింద వేలాడే రీలు నుంచి వచ్చే లైన్‌ని అంత దూరంలో అందుకోవాలి.

రాడ్ మీద అచ్చేసిన నంబర్ కూడా చదవండి. చాలా కంపెనీలు ఎస్ అక్షరం పెడితే స్పిన్నింగ్, సి పెడితే కాస్టింగ్ (అంటే మన ఓవర్‌హెడ్), పక్కన 66 అనుంటే 6 అడుగుల 6 అంగుళాలు. పాత రాడ్ల మీద ఇది చెరిగిపోయి ఉంటుంది, అప్పుడు మళ్లీ తొలి రింగే గతి.

ఈ వారం పని: దొరికిన ప్రతి రాడ్‌నీ తొలి రింగు నుంచి కొస దాకా కన్ను పెట్టి చూడండి. రింగులు పైన మొదలై, కర్ర చుట్టూ మెలిక తిరుగుతూ కొసకి వచ్చేసరికి అడుగుకి చేరిన రాడ్ ఒకటి ఎప్పుడైనా తగలొచ్చు. ఎవరో తప్పుగా కట్టారనుకోకండి, కావాలనే అలా కడతారు. పైన చెప్పిన లైన్ రాపిడి గుర్తు పెట్టుకుని, అలా ఎందుకు కట్టారో, దాని మీద ఏ రీలు పెట్టాలో ఆలోచించి ఉంచండి. 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.