కుటుంబానికి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఎంచుకోవడం ఎలా?

షోరూమ్‌లో అడుగుపెట్టగానే ముందు వినిపించేది రేంజ్ గురించే. ఒక్క చార్జింగ్‌తో 500 కిలోమీటర్లు అనగానే మనసు సగం ఒప్పేసుకుంటుంది. కానీ ఇంటిల్లిపాదీ తిరిగే బండికి అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. రాత్రిపూట బండి ఎక్కడ చార్జ్ అవుతుంది? వెనక సీట్లో కూర్చునేవాళ్ల పరిస్థితేమిటి?

1. ముందు ఇంటి కరెంటు సంగతి చూడండి

బ్యాటరీ సైజును కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు మీటర్లో తిరిగే ఒక యూనిట్, అంతే. 230 వోల్టుల లైనులో 16 ఆంపియర్ల ప్లగ్ గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. రాత్రి పది గంటలు పెడితే, వృథా పోగా 26-27 యూనిట్లు బ్యాటరీలో చేరతాయి. ఓ మోస్తరు ఎస్‌యూవీ 100 కిలోమీటర్లకు 18-20 యూనిట్లు ఖర్చు చేస్తుంది. అంటే తెల్లారేసరికి 130 కిలోమీటర్లకు సరిపడా చార్జింగ్ ఉంటుంది. బడి, ఆఫీసు, సరుకులు... చాలామందికి రోజుకు ఇది చాలు, మిగులుతుంది కూడా. 7.4 కిలోవాట్ల చార్జర్ గోడకు బిగించుకుంటే 60 యూనిట్ల బ్యాటరీ దాదాపు తొమ్మిది గంటల్లో నిండుతుంది.

బుక్ చేసే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరింగ్, ఎర్తింగ్, ఇంటికున్న లోడ్ చూపించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో మాత్రం చార్జ్ చేయొద్దు. గంటల తరబడి నిండా కరెంటు లాగితే అది వేడెక్కి కరిగిపోవచ్చు. అపార్ట్‌మెంట్ అయితే పార్కింగ్‌లో పాయింట్ పెట్టుకోవడానికి అనుమతి కాగితం మీద తీసుకోండి, నోటిమాట నమ్ముకోవద్దు. ఇంట్లోనూ ఆఫీసులోనూ చార్జింగ్‌కు దారే లేదంటే, నన్నడిగితే హైబ్రిడ్ చూసుకోవడమే మేలు.

2. రేంజ్‌ని మీ ప్రయాణాల లెక్కలోకి మార్చండి

ప్రకటనలో ఉండే అంకె పరీక్షలో వచ్చింది. ఎస్‌యూవీ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి హైవే మీద వేగం పెంచేకొద్దీ గాలిని చీల్చుకుపోవడానికే బోలెడు చార్జింగ్ ఖర్చవుతుంది. చలికాలంలో హీటర్ ఖర్చు వేరే. చలి ఎక్కువగా ఉండే ఊళ్లో ఉంటే, తక్కువ కరెంటుతోనే లోపల వెచ్చగా ఉంచే హీట్ పంప్ ఉందో లేదో అడగండి.

60 యూనిట్ల బండినే తీసుకుందాం. హైవే మీద 100 కిలోమీటర్లకు 20 యూనిట్లు అనుకుంటే నిండు బ్యాటరీతో 300 కిలోమీటర్లు వెళ్తుంది. కానీ దారిలో ఫాస్ట్ చార్జింగ్ మామూలుగా 10 నుంచి 80 శాతం వరకే చేసుకుంటాం. ఆపైన వేగం బాగా పడిపోతుంది. ఆ 70 శాతం అంటే 42 యూనిట్లు, అంటే 210 కిలోమీటర్లు. దాదాపు రెండున్నర గంటలకో బ్రేక్. పిల్లలున్నవాళ్లు ఎలాగూ ఆలోపే ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు!

అందుకే ‘గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు తీసుకుంటుంది’ అని కాక, ‘10 నుంచి 80 శాతానికి ఎన్ని నిమిషాలు’ అని అడగండి. ఆ గరిష్ఠ వేగం కొద్ది నిమిషాలే ఉంటుంది. కియా ఈవీ9, హ్యుందాయ్ అయోనిక్ 5 లాంటి 800 వోల్టుల బ్యాటరీ వ్యవస్థ ఉన్న బండ్లకు తగినంత శక్తి ఉన్న చార్జర్ దొరికితే 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పని అయిపోతుంది. మీరు తరచూ వెళ్లే దారిలో అలాంటి చార్జర్లు లేకపోతే దానికోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

3. టెస్ట్ డ్రైవ్‌కి అందరినీ తీసుకెళ్లండి

ఒక్కరే వెళ్లి స్టీరింగ్ పట్టుకుంటే బండి బ్రహ్మాండంగానే ఉంటుంది. అసలు తేడా వెనక సీట్లో తెలుస్తుంది. బ్యాటరీ కింద పరిచి ఉంటుంది కాబట్టి కొన్ని మోడళ్లలో ఫ్లోర్ ఎత్తుగా వస్తుంది. మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద సీటు ఆనదు. అయిదు నిమిషాల్లో ఇది తెలియదు. పెద్దవాళ్లను కనీసం అరగంట కూర్చోబెట్టి, నడుము, మోకాళ్లు ఎలా ఉన్నాయో అడగండి. ఎక్కి దిగడం కూడా రెండుమూడు సార్లు చేయించి చూడండి.

పిల్లల సీటు ఉంటే వెంట తీసుకెళ్లి బిగించండి. వెనక్కి తిరిగి ఉండే సీటు పెట్టాక ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సి వస్తుందో చూడండి. మధ్య సీటుకు చాలా బండ్లలో ఐసోఫిక్స్ (పిల్లల సీటును నేరుగా బండికి తగిలించే కొక్కేలు) ఉండదు. ముగ్గురు పిల్లలుంటే ఇది మర్చిపోవద్దు. మూడో వరస తెరిచి ఉంచి, డిక్కీలో మీ సూట్‌కేసులు పడతాయో లేదో అప్పుడే తేల్చుకోండి.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే బండి దానంతటదే నెమ్మదించే రీజెన్ బ్రేకింగ్‌ని ఎక్కువలో పెట్టి ఒకసారి, తక్కువలో పెట్టి ఒకసారి నడపండి. నడిపేవాళ్లకు బాగానే ఉంటుంది కానీ వెనక ఉన్నవాళ్లకు ఆ కుదుపులకు కడుపులో తిప్పుతుంది. దాన్ని తగ్గించుకునే వీలుండాలి. తలుపులకు కరెంటుతో పనిచేసే హ్యాండిళ్లుంటే, కరెంటు పోయినప్పుడు చేత్తో తెరిచే లివర్ వెనక తలుపులకు ఎక్కడుందో చూపించమనండి. సేల్స్‌మన్‌కే దొరక్కపోతే ఆ బండి గురించి మళ్లీ ఆలోచించండి.

భద్రతకు యూరో ఎన్‌క్యాప్ (బండ్లను గుద్దించి పరీక్షించే యూరప్ సంస్థ) స్టార్లతో ఆగకుండా, పిల్లల రక్షణలో ఎలాంటి ఫలితం వచ్చిందో కూడా చూడండి.

4. బ్యాటరీ, వారంటీ, టైర్లు

ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఎక్కువసార్లు చార్జ్ చేసినా తట్టుకుంటుంది. అప్పుడప్పుడూ 100 శాతం నింపమని చాలా కంపెనీలే చెబుతాయి. ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) రకం తక్కువ బరువులో ఎక్కువ చార్జింగ్ పట్టుకుంటుంది కానీ రోజువారీగా 80 శాతం దగ్గర ఆపడం మంచిది. బ్యాటరీ వారంటీ చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తాయి. సామర్థ్యం 70 శాతం కంటే పడిపోతేనే వర్తిస్తుందనే షరతు సాధారణం. బండి అమ్మేస్తే కొత్త ఓనరుకు అది వర్తిస్తుందో లేదో చదివాకే సంతకం పెట్టండి.

బండి బరువెక్కువ కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. చాలా మోడళ్లలో స్పేర్ టైరు ఉండదు, పంక్చర్ కిట్ ఒక్కటే ఇస్తారు. టైరు పక్కభాగం చీలితే ఆ కిట్ పనికిరాదు. డబ్బు కట్టే ముందు డిక్కీ అడుగు పలక ఎత్తి చూసి, స్పేర్ లేకపోతే దారిలో సాయానికి ఎవరొస్తారో, ఎంత దూరం వరకు వస్తారో రాయించుకోండి.